వేధింపుల్లో సున్నా

ముసలివాళ్లను సొంతవాళ్లు ఎంత పీడిస్తున్నారో కొలవడానికి హుకుంపేట కొండల్లోని ఒక ఊరికి దేవీప్రసాద్ అనే అధికారి వచ్చాడు. జ్వరానికి థర్మామీటరు ఉన్నట్టే పీడనకూ ఒక ప్రశ్నావళి తయారైంది. సున్నా వస్తే ఊరికి సన్మానం.

మొదటి వంతు ఈశ్వరమ్మది. ఆమె పింఛనూ, కాఫీ తోట ఫలసాయమూ కొడుకు ధర్మ చేతిలోకే పోతున్నాయి. అడిగితే కసురుతాడు. ఇన్నాళ్లకు వినే మనిషి గుమ్మంలోకి వచ్చాడని ఆమె మంచి చీర కట్టుకుంది.

“నాకు తెలుగొచ్చు బాబూ. సంతలో పసుపమ్మినదాన్ని.”

“సంతోషం. కానీ మాతృభాషలో జవాబివ్వడం మీ హక్కమ్మా. దాన్ని మేం కాపాడాలి,” అన్నాడు దేవీప్రసాద్. ఆమె మాతృభాష ఆదివాసీ ఒడియా. అది ఆయనకు రాదు కనుక దుబాసీగా ధర్మనే కూర్చోబెట్టాడు.

“మీ డబ్బు ఎవరైనా లాక్కుంటున్నారా?”

ఈశ్వరమ్మ చాలాసేపు చెప్పింది. మధ్యలో ఏడ్చింది. కొడుకు వైపు వేలు చూపించింది.

“నేదంటంది సార్,” అన్నాడు ధర్మ.

“మరి ఆ ఏడుపు?”

“ఆనందం సార్.”

ఊరంతటినీ ఇంతే శాస్త్రీయంగా కొలిచారు. సున్నా వచ్చింది.

సన్మాన సభలో దేవీప్రసాద్ గద్గద స్వరంతో ప్రసంగించాడు. “ఇక్కడి కొడుకుల కళ్లలో నాకు సాక్షాత్తు దేవుడు కనిపించాడు!” ముందు వరుసలోని దేవుళ్లు వినయంగా తలదించుకున్నారు. ఈశ్వరమ్మకు శాలువా కప్పారు. ధర్మ దాన్ని తీసి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

ఈశ్వరమ్మ మైకు అందుకుంది.

“పింఛనుకి ఏలిముద్ర నాది, డబ్బు ఈడిది. అడిగితే మతి పోయిందంటాడు. సన్మానం ఎవరికి సేత్తన్నారు బాబూ?”

“నాదీ అదే కత!” అంటూ వెనక నుంచి చిన్నమ్మలు అనే ముసలామె లేచింది. ఆ తర్వాత ముసలివాళ్లంతా లేచారు.

దేవీప్రసాద్ కంగారుపడలేదు. సర్వేలో లేదన్న బాధ సభలో ఉందనడం మతిమరుపు లక్షణమనీ, ఊళ్లో అది అంటువ్యాధిగా ప్రబలిందనీ పైవారికి నివేదించాడు. మర్నాడే డాక్టరు దిగాడు.

“మీ అబ్బాయి పేరేంటమ్మా?” అన్నది పరీక్షలో మొదటి ప్రశ్న.

ఎదురుగా నిలబడ్డ ధర్మను ఈశ్వరమ్మ తేరిపార చూసింది.

“నాకు కొడుకున్నాడని ఎవరు సెప్పారు బాబూ?”

చిన్నమ్మలూ అదే మాటంది. మిగిలినవాళ్లూ అంతే. వ్యాధి నిర్ధారణ అయింది. మతిలేనివాళ్లు సర్వే లెక్కలోకి రారు. వాళ్ల మంచిచెడ్డలు, పింఛన్లతో సహా, నిబంధనల ప్రకారం కొడుకులకే అప్పగించారు. ఊళ్లో కొడుకులంతా నిశ్చింతగా ఉన్నారు.

మీరూ ఉండవచ్చు.