సీలుగారి ముప్పై ఆరు పెట్టెలు

సీలుగారికి ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు, ఫ్యాన్ల ఫ్యాక్టరీలో జనం పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఆయన అక్కడ స్టోర్ కీపరు. సరుకు పెట్టె లోపలికి రాగానే మూత మీద కాగితం అంటించి, సంతకం సగం కాగితం మీదా సగం అట్ట మీదా పడేలా గీకుతారు. అదే సీలు. ఆ సంతకం చెదరనంత కాలం పెట్టె నిండుగా ఉన్నట్టే లెక్క. లోపల ఏముందని అడిగినవాళ్ల వంక, తన వంశాన్ని శంకించినట్టు చూస్తారు.

పెళ్లయిన కొత్తలో ఇంట్లో పప్పు డబ్బాలకు కూడా సీళ్లు వేయబోయారు. "నాకూ ఒకటి అంటించండి, పుట్టింటికి పారిపోకుండా ఉంటాను" అని భార్య అనడంతో అప్పటికి మానుకున్నారు. మళ్లీ మొదలుపెట్టింది ఆ మాయదారి జబ్బు వచ్చిన ఏడాదే.

జబ్బు ఇంకా ఊళ్లోకి రాలేదు, టీవీలోకి వచ్చింది. దుకాణాలన్నీ మూసేస్తారని ఎవరో అన్నారు. అన్నదెవరో ఎవరికీ తెలియదు గానీ, మాట మాత్రం అందరికీ తెలుసు. సాయంత్రానికల్లా పచారీ కొట్టు ముందు వరుస వీధి మలుపు దాటింది. జనం ఒకరి బుట్టలోకి ఒకరు తొంగి చూసి, పక్కవాడు ఏది కొంటే అదే కొంటున్నారు. సీలుగారి ముందున్న పెద్దమనిషి ఆరు సీసాల వెనిగర్ తీసుకున్నాడు. వెనిగర్‌తో ఏం చేస్తారో సీలుగారికి తెలియదు. ఆయన తొమ్మిది తీసుకున్నారు.

"ఏంటండీ ఇవి?" అంది భార్య.

"వెనిగర్."

"ఎందుకు?"

"కొట్లో అయిపోతోంది."

"మనకెందుకని అడుగుతున్నా."

"అయిపోతోందని చెబుతుంటే మనకెందుకంటావేంటి" అని విసుక్కున్నారు సీలుగారు.

ఆవిడ ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బళ్లు మూసేశారు కాబట్టి కుట్టుపనీ లేదు. ఆ సందు చూసుకుని సీలుగారు కుట్టుమిషన్ను హాల్లోకి తోసి, ఆ చిన్న గదిని స్టోర్‌గా మార్చేశారు. బియ్యం, పప్పు, నూనె, సబ్బులు, పాలపొడి, బిస్కెట్లు అన్నీ అట్టపెట్టెల్లో సర్దారు. ముప్పై ఆరు పెట్టెలయ్యాయి. ప్రతి దాని మీదా అంకె, కాగితం, సంతకం. గదికి తాళం వేయలేదు. సీలుండగా తాళమెందుకన్నారు.

ఇంట్లో ఎవరికేది కావాలన్నా కాగితం మీద రాసివ్వాలని రూలు పెట్టారు. భార్య రాసింది: "పప్పు, అరకిలో. కారణం: ఆకలి."

"కారణం వివరంగా రాయాలి."

"మీ ఆకలి" అని దిద్ది ఇచ్చింది. వెంటనే మంజూరైంది.

పదేళ్ల కూతురు కూడా రాసింది: "బిస్కెట్ ప్యాకెట్ ఒకటి. కారణం: నేను మంచిదాన్ని." అది పరిశీలనలో ఉండిపోయింది.

రోజూ పొద్దున్నే ఆయన పెన్సిల్‌తో ఒక్కో పెట్టె నెత్తినా తడుతూ, సంతకాలు చూసుకుంటూ, ముప్పై ఆరు దాకా లెక్కపెట్టుకునేవారు. ఇంట్లో వాడకానికి విడిగా తీసింది వంటగదిలో ఉంది కాబట్టి పెట్టె విప్పే అవసరం ఇంకా రాలేదు. నవ్వుకోకండి, ఆయన భయం అబద్ధం కాదు. కళ్లు మూసుకుంటే చాలు, ఖాళీ కంచం పట్టుకుని నిలబడ్డ కూతురు కనిపించేది. లెక్క ముప్పై ఆరుకు చేరాక గానీ ఆయన గుండె కుదుటపడేది కాదు.

ఒకరోజు కింది వాటాలో ఉండే కండక్టర్ తాతగారు మెట్లెక్కి వచ్చారు. బస్సు ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయింది గానీ, పేరు ఆయన్ని వదల్లేదు. మూతికి రుమాలు కట్టుకుని, గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు.

"పాలపొడి ఉంటే ఒక్క ప్యాకెట్ ఇప్పిస్తావా బాబూ. మంచం మీదున్న మా ఆవిడకి అదే తిండి. మూడు కొట్లు తిరిగాను, ఎక్కడా లేదన్నారు."

పదకొండో నంబరు పెట్టెలో పద్నాలుగు ప్యాకెట్లున్నాయి. సీలుగారు తలుపు బందు వంక చూస్తూ, "మా దగ్గరా లేదండి తాతగారూ" అన్నారు.

"సరే బాబూ. జాగ్రత్తగా ఉండండి" అని తాతగారు కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగిపోయారు.

"నాన్నా, మనకి పద్నాలుగున్నాయి కదా" అంది కూతురు.

"అది స్టాకు."

"స్టాకంటే?"

"అంటే... ఉంటుంది. కానీ లేనట్టు."

భార్య ఏమీ అనలేదు. పదిహేడేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడం అది మూడోసారి. బుద్ధున్న మగవాడైతే అక్కడే హడలిపోవాలి. సీలుగారు వెళ్లి పెట్టెలు లెక్కపెట్టుకున్నారు.

ఇది జరిగిన పదో రోజున ఆయన తుమ్మారు. ఒక్కసారి తుమ్మితే దుమ్మన్నారు. మూడోసారి తుమ్మాక ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. ఎంతుందో చూద్దామంటే ఇంట్లో థర్మామీటరు లేదు. మాత్ర వేద్దామంటే మాత్ర లేదు. జ్వరానికి భయపడి కొట్టంతా ఊడ్చుకొచ్చిన మనిషి, జ్వరం మాత్ర మాత్రం ఒక్కటీ తేలేదు.

భార్య మందుల షాపులన్నిటికీ ఫోన్లు చేసింది. "ఎక్కడా లేవట. మీలాంటివాళ్లే ఎవరో ముందే ఎత్తుకుపోయారట" అంది. మంచంలో ఉన్న మనిషిని కూడా ఆవిడ వదల్లేదు.

పై వాటాలో ఉండే నర్సమ్మ, ఆసుపత్రి డ్యూటీ దిగుతూనే వచ్చి పరీక్ష చేయించింది. ఫలితం రావడానికి నాలుగు రోజులు పడుతుందట. "ఈలోగా మిమ్మల్ని వేరే గదిలో ఉంచాలి. ఏ గదుంది?" అని అడిగింది.

వేరే గది ఇంట్లో ఒక్కటే ఉంది.

ముప్పై ఆరు పెట్టెల మధ్య పరుపు వేశారు. సీలుగారు లోపలికి వెళ్లారు. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి, "పద్నాలుగు రోజులు ఈ గదిలో నుంచి పూచికపుల్ల కూడా బయటికి రాకూడదు, తెలిసిందా?" అని తలుపు దగ్గరగా వేసింది.

అప్పుడు వెలిగింది సీలుగారికి. సరుకంతా లోపల. పెళ్లాం, పిల్ల బయట. పెట్టెల్లో పట్టని బియ్యం బస్తాకు తల ఆనించుకుని తను పడుకుంటే, వంటగదిలో ఉన్నది అయిపోయాక బయట వాళ్లు పస్తులుండాలి. ఎవరి కోసం ఇదంతా కూడబెట్టారో వాళ్లకే అందకుండా తనే అడ్డంగా పడ్డారు. తనకేమైనా అయితే ఈ పిల్ల గతేంటి? ఆయనకు ఏడుపొచ్చింది.

"ఏమోయ్, మీరేం తింటారు?" అని తలుపులోంచి కేకేశారు.

"మీరు ముందు పడుకోండి."

"మీకు తిండి..."

"పడుకోమన్నానా?"

కాసేపటికి తలుపు ముందు స్టూలు మీద ఏదో పెట్టిన చప్పుడైంది. వేడివేడి సూపు, కాల్చిన బ్రెడ్డు, పక్కన కాగితంలో చుట్టిన మాత్రలు. మాత్రల అట్ట సగమే ఉంది. కత్తెరతో కోసినట్టు అంచు వంకరగా ఉంది.

"మాత్రలెక్కడివి?"

"తాతగారివి. వాళ్లిద్దరికీ కలిపి ఒక్క అట్టే ఉందట. సగం కత్తిరించి ఇచ్చారు."

"ఏ తాతగారు?" అన్నారు సీలుగారు, ఏ తాతగారో తెలిసి కూడా. మాత్ర ఎంత చిన్నదైనా ఆ పూట గొంతు దిగడానికి రెండు గ్లాసుల నీళ్లు పట్టింది.

మూడో రోజుకు జ్వరం కాస్త తగ్గింది. చేతులు కడుక్కుందామంటే సబ్బు అరిగిపోయింది. ఏడో నంబరు పెట్టె నిండా సబ్బులే కదా అనుకుని, తన సంతకాన్ని తనే చించుతున్నందుకు మనసులో నొచ్చుకుంటూ సీలు తీశారు. లోపల కూతురి నిరుటి నోటుపుస్తకాలున్నాయి.

పొరపాటున తారుమారయ్యాయేమో అనుకుని ఎనిమిదోది విప్పారు. గుడ్డ ముక్కలు. తొమ్మిదోది విప్పితే పాత తలగడ. పదోదాంట్లో వార్తాపత్రికలు, అవి కూడా జబ్బు రాకముందువి. పదకొండోది ఒకటికి రెండుసార్లు అంకె చూసుకుని విప్పారు. అందులో ఆయన పెళ్లినాటి కోటు మడతపెట్టి ఉంది. ముప్పై ఆరూ విప్పాక తేలిందేమిటంటే, వెనిగర్ తొమ్మిది సీసాలూ భద్రంగా ఉన్నాయి. వాటిని ఎవరూ కావాలన్నట్టు లేదు. తల ఆనించుకున్న బియ్యం బస్తాను తడిమితే, అదీ పాత దుప్పట్లే.

ఒక పెట్టెను తిరగేసి చూశారు. అడుగున టేపు ఎంత తీరుగా వేసి ఉందంటే, అది కుట్టుపని తెలిసిన చెయ్యేనని వేరే చెప్పక్కర్లేదు.

"ఏమోయ్."

"ఊఁ."

"పెట్టెలన్నీ ఖాళీ."

"ఖాళీ ఏంటి, అన్నిట్లో ఏదో ఒకటి పెట్టానుగా."

"సీళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయే."

"ఎందుకుండవు? మీ సంతకం జోలికి నేను పోలేదు. అడుగు నుంచి తీశాను."

"ఎప్పుడు తీశావే?"

"మీరు స్నానాల గదిలో ఉన్నప్పుడు. అందర్నీ ఇరవై సెకన్లు చేతులు కడుక్కోమంటే, మీరు నలభై నిమిషాలు కడుగుతున్నారుగా."

సీలుగారు గోడకు జారగిలబడ్డారు. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లలో ఒక్క మేకు పోనివ్వని మనిషి. "ఎవరికిచ్చావు?" అన్నారు.

"పాలపొడి తాతగారికి. సబ్బులు నర్సమ్మకి, వాళ్ల వార్డులో అయిపోయాయట. బియ్యం, పప్పు పక్క వాటా పెయింటర్ ఇంట్లో. రంగులేయించుకునేవాళ్లు లేక ఆయనకి పనిపోయింది, ముగ్గురు పిల్లలు."

"మరి మన పిల్లకి?"

"నెలకి సరిపడా వంటగదిలోనే ఉంచాను. నేను తల్లిని కానా?" అంది. గొంతు తగ్గించి, "మీరు తింటున్న సూపు నర్సమ్మ చేస్తోంది. బ్రెడ్డు పెయింటర్ వాళ్లావిడ కాల్చి పంపుతోంది. మీరు పడిపోయిన రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదండీ. ఎవరి తలుపు తట్టాలా అని ఆలోచించే పని మాత్రం పడలేదు" అంది.

సీలుగారు విప్పిన పెట్టెల మూతలు ఒక్కొక్కటే మూయసాగారు.

"ఇంకో సంగతి. అందరికీ మీరే ఇమ్మన్నారని చెప్పాను."

"నేనా? ఎందుకలా చెప్పావు?"

"రేపు లేచి తిరిగేటప్పుడు ఆ మెట్లే కదా దిగాలి మీరు" అంది భార్య.

ఫలితం వచ్చింది. ఆ జబ్బే. అయినా ఆయన్ని పెద్దగా పీడించలేదు. తలుపు అవతల తల్లీ కూతుళ్లకు ఏమీ కాలేదు. పద్నాలుగు రోజులు ఆయన పాత నోటుపుస్తకాల్లో కూతురి లెక్కలు దిద్దుతూ గడిపారు. పదిహేనో రోజు పొద్దున నర్సమ్మ తలుపు తీసింది. హాల్లో కుట్టుమిషన్ ముందు భార్య మాస్కులు కుడుతోంది. పెట్టెల్లో కూరగా మిగిలిన గుడ్డ ముక్కలన్నీ ఆ పనికే వెళ్లాయి. ఆవిడ ముఖం చూసి ఆయన, "నిన్ను కట్టుకోవడం నా అదృష్టమే" అన్నారు.

"జ్వరం తగ్గిందన్నారే" అంది భార్య నర్సమ్మతో. కళ్లు మాత్రం తుడుచుకుంది.

అసలు శిక్ష మెట్ల మీద మొదలైంది. "మీ సబ్బులతో మా వార్డంతా గట్టెక్కిందండీ" అంది నర్సమ్మ. పెయింటర్ భార్య గుమ్మంలోకి వచ్చి, "మా పిల్లలు మీ పేరు చెప్పుకుని తింటున్నారు అన్నయ్యగారూ" అంది. ఆయన "అబ్బే, అబ్బే" అంటూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దిగుతుంటే, వెనకాలే భార్య తీరిగ్గా, ఒక్కో మెట్టూ ఆస్వాదిస్తూ దిగింది.

తాతగారి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇంక ఆయన వల్ల కాలేదు.

"తాతగారూ, ఆ పాలపొడి నేను పంపలేదండి. ఇంట్లో పెట్టుకునే లేదన్నాను. పంపింది మా ఆవిడ."

"తెలుసు బాబూ" అన్నారు తాతగారు. "ముప్పై నాలుగేళ్లు టికెట్లు కొట్టాను. ఎవరు కొన్నారో, ఎవరు కొన్నట్టు కిటికీలోంచి చూస్తున్నారో ఆ మాత్రం తెలీదూ?"

"తెలిసీ మాత్రలెందుకు కత్తిరించి ఇచ్చారు?"

ఆ ప్రశ్నేమిటో తాతగారికి అర్థం కానట్టుంది. "జ్వరమొచ్చింది నీకు కదా" అన్నారు.

లోపలి మంచం మీంచి సన్నగా ఓ గొంతు, "ఎవరండీ వచ్చింది?" అంది.

"పై వాటా అబ్బాయి. పాలపొడి పంపాడే, అతనే" అన్నారు తాతగారు, ముఖంలో ఏ తేడా లేకుండా.

"చల్లగా ఉండమనండి" అంది ఆ గొంతు.

సీలుగారు అక్కడే మెట్టు మీద కూలబడి, మాస్కు తడిసిపోయేదాకా ఏడ్చారు. భార్య రెండు మెట్ల పైన నిలబడి, ఈసారికి ఏమీ అనకుండా ఊరుకుంది.