పట్టున్న చక్రానికే పవరు

కరెంటు కోత ఒక వరం! ఇంతకాలం దాన్ని తిట్టుకున్నవాళ్ళంతా చెంపలేసుకోవాలి. కోట్లు పోసి కొనే స్పోర్ట్స్ కారులోని టెక్నాలజీని ఏజెన్సీలో ఉచితంగా ఇస్తుంటే తిట్టడమేమిటండీ?

నమ్మరా? అయితే జి.మాడుగుల దాటాక కొండ మీది ఊళ్ళో బుధు అనే కాఫీ రైతు సంగతి వినండి.

కాఫీ పళ్ళు కోసిన రోజే తొక్క తీసే మిషన్‌లో పడాలి. లేకపోతే పులిసిపోతాయి. మిషన్‌కి కరెంటు కావాలి. అదే లేదు! ఊరి నెత్తి మీదుగా మాత్రం పెద్ద లైను పట్నానికి ఝుమ్మని పోతోంది. బుధు ఏడాది కష్టం గోనెల్లో వేడెక్కిపోతోంది.

సరిగ్గా అప్పుడు దిగాడు దేవీప్రసాద్ గారు, మంచు చూడ్డానికి విశాఖ నుంచి. ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు. ఎర్రగా, నేలకి జానెడెత్తున ఉంది. ఊరంతా మూగింది.

"ఇది ఆల్ వీల్ డ్రైవ్. నాలుగు చక్రాలకీ పవర్ పంచుతుంది," అన్నాడాయన. "ఏ చక్రం జారుతోందో కంప్యూటర్ కనిపెట్టి దానికి పవర్ కట్ చేస్తుంది. పట్టున్న చక్రానికి పంపిస్తుంది. అంతా రెప్పపాటులో!"

బుధు నోరు తెరిచేశాడు. "అదేటి బాబూ, మా కరెంటోళ్ళు సేసేదీ అదే కదేటి! మాది జారిపోయే సెక్రం. మీ ఊరికి పట్టుంది."

చూశారా! మనం నిర్లక్ష్యం అనుకున్నది ఇంజనీరింగ్! ఎవరికి పట్టుందో కనిపెట్టే కంప్యూటర్ మనకి ఎప్పట్నుంచో ఉంది. ఆస్పత్రికి డాక్టరు, బడికి మాస్టారు, కొండకి రోడ్డు, అన్నీ ఆల్ వీల్ డ్రైవే! జారేవాడికి పవర్ ఇస్తే ఏమవుతుంది? గిర్రున తిరుగుతాడు, మన బట్టల మీద బురద పడుతుంది.

బురదంటే గుర్తొచ్చింది. ఊరి చివర మలుపులో, ఊటనీరు నిలిచిన గోతిలో ఆ కారు దిగబడింది. నాలుగు చక్రాలూ జారాయి. పాపం కంప్యూటర్! పట్టెవరికుందో తేల్చుకోలేక, పవర్ అటూ ఇటూ పంచి పంచి బ్యాటరీ ఖాళీ చేసింది. ఊళ్ళోవాళ్ళే దాన్ని బుధు వాకిట్లోకి తోసుకొచ్చారు. మరి ఛార్జింగుకి కరెంటేదీ?

దేవీప్రసాద్ గారు గుట్టెక్కి, సిగ్నల్ పట్టుకుని మావయ్యకి ఫోన్ కొట్టాడు. మావయ్య జిల్లాలో చక్రం తిప్పే మనిషి. ఇచ్చిన టీ చల్లారేలోగా లైన్‌మేన్ జీపులో వచ్చాడు. ఊళ్ళో బల్బులన్నీ వెలిగాయి!

ఒక ప్లగ్గుకి కారు, ఇంకో ప్లగ్గుకి మిషన్. పళ్ళు చకచకా తొక్కలు వదులుతున్నాయి. బుధు పెళ్ళాం గంగ ఆ కారుకి దిష్టి కూడా తీసింది. "బేగి ఎల్లిపోకండి బాబూ, కోడిని కోత్తన్నాం," అని బతిమాలింది. ఆయన తిన్నాడు, కునుకు తీశాడు, వెళ్ళిపోయాడు. ఆ వెనకే కరెంటూ పోయింది. సగం గోనెలు అలాగే పులిసిపోయాయి. గంగ వాటి పక్కన కూలబడి ఏడ్చింది.

తోటలో రెండో కోతకి పళ్ళు ఎర్రబడుతున్నాయి. మొన్న ఎవరో ఆఫీసర్లొచ్చి, మలుపులో గొయ్యి పూడ్చి సిమెంటు వేస్తామన్నారట. "వద్దు బాబూ, మీ కాళ్ళు ఒట్టుకుంటాను!" అని బుధు అడ్డం పడ్డాడు. ఎండకి ఆ గొయ్యి ఆరిపోతోందని, పొద్దున్నే బిందెతో నీళ్ళు మోసుకెళ్ళి పోస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావు?" అంది గంగ, దారికి అడ్డంగా నిలబడి.

"కనబడ్నేదేటి? కరెంటుకి అర్జీ ఎడతన్నాను," అన్నాడు బుధు.