మా రైలుకు దాని ఆలస్యం తిరిగి ఇప్పించండి

ముందుగా క్షమించండి. నా ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి. దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు, అక్కరలేని చోట ఉంటాయి. మా ఆయన పోయిన చాలా ఏళ్లకు, అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక్కో వాక్యం రాయడానికి అన్నం ఉడికేంత సేపు పడుతుంది. పత్రిక వాళ్లు తప్పులు దిద్దుతామన్నారు. తప్పులు దిద్దండి గానీ విషయం దిద్దకండి అని చెప్పాను.

విషయం ఏమిటంటే, రైలు ఆలస్యంగా రావడం ప్రజలకు మేలు!

నవ్వకండి. నేను నాలుగేళ్లుగా గుండ్లవాగు స్టేషన్‌లో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కి, సికింద్రాబాద్‌లో ఒక హాస్టల్‌కు వంట చేయడానికి పోతున్నాను. ఆ రైలు మహబూబాబాద్ దిక్కు నుంచి వస్తుంది. మా దగ్గరికి ఆరు పదికి రావాలి. ఏడు పదికి వస్తుంది. ఎండాకాలమైనా, వానాకాలమైనా, దసరా అయినా, రంజాన్ అయినా ఏడు పదే. ఇంత నిలకడ మనుషుల్లో ఉందా?

ఆ గంటలో నా తోటి ప్రయాణికులు సాధించిన అభివృద్ధి చూడండి. మరియమ్మ ఇద్దరు మనవరాళ్లకు స్వెటర్లు అల్లింది. ఊలు మిగిలింది, మనవరాళ్లు అయిపోయారు. ఇప్పుడు సిగ్నల్ స్తంభానికి కొలతలు తీస్తోంది. టీక్యా ప్లాట్‌ఫారం చివర మెంతులు చల్లాడు. రైలు కోసం చూస్తూనే నీళ్లు పోశాడు, చూస్తూనే కోశాడు, చూస్తున్న వాళ్లకే కట్టలు అమ్మాడు. కాలేజీకి పోయే సంగీతకు మా బెంచీ మీదే పెళ్లిచూపులు జరిగాయి. మాటాముచ్చటా, అలకలూ, బుజ్జగింపులూ అన్నీ ఒక్క ఆలస్యంలో తేలిపోయాయి. ఆ రోజు మంగళవారం కాబట్టి ఆగారు గానీ, లేకపోతే లగ్గం కూడా అయ్యేది!

నాకు చదువు వచ్చిందీ ఆ గంటలోనే. నేర్పింది తస్లీమా. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో రక్త పరీక్షలు చేసే పిల్ల. బెంచీ మీద సుద్దముక్కతో రాసి, "అవ్వా, గీ 'అ' దిద్దు. బండి వచ్చేదాంక 'ఆ' గూడ అయిపోతది" అనేది. బండి దయవల్ల ఒక్కోరోజు 'ఈ' దాకా పోయేవాళ్లం. రైలు సరిగ్గా ఆరు పదికి వచ్చి ఉంటే నేను ఈనాటికీ వేలిముద్రే!

ఇంకో లాభం. రోజూ మైకులో ఒకామె, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది. నా కోసం రోజూ పొద్దున్నే చింతించేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరున్నారు? నా కొడుకు కూడా ఏడాదికోసారే చింతిస్తాడు.

మా తమ్ముడి భార్య నిర్మల ఉండేది ఘనపూర్‌లో. స్టేషన్ ఘనపూర్ కాదు, భూపాలపల్లి జిల్లా ఘనపూర్. పేరులోనే స్టేషన్ లేదు, ఇక ఊళ్లో ఎక్కడుంటుంది? మొన్న ఫోన్‌లో నా గోడంతా విని, "మాకు లేటయ్యేతందుకు బండే లేదు వదినె" అంది. జాలేసింది. పాపం, వాళ్లు పొద్దున లేచి ఎవరిని తిట్టుకుంటారు?

ఇంత సుఖంగా ఉన్నవాళ్లం ఊరుకోవాలా వద్దా? ఊరుకోలేదు.

"సోమక్కా, సదువొచ్చె గద. గదేదో పై ఆఫీసుకు ఒక కాయితం రాయరాదు" అని మరియమ్మ ఎగదోసింది. నేను రాశాను. 'పొద్దుటి ప్యాసింజర్ రోజూ గంట ఆలస్యం. దయచేసి సరిచేయండి.' నా జన్మలో మొదటి ఉత్తరం అది. తస్లీమా తప్పులు దిద్దింది. యాభై మంది సంతకాలు పెట్టారు. టీక్యా రెండుసార్లు పెట్టాడు.

రెండు నెలలకు సరిచేశారు!

ఈ నెల ఒకటో తారీఖు పొద్దున పోయి చూస్తే, బోర్డు మీద ఆరు పది చెరిపేసి ఏడు పది రాసి ఉంది. రైలు ఎప్పటిలాగే ఏడు పదికి వచ్చింది. సెకను కూడా తేడా లేదు. రైట్ టైమ్! టీక్యా ఇంజను ముందు కొబ్బరికాయ కొట్టాడు. మరియమ్మ బూందీ పంచింది. నా ఉత్తరానికి ఇంత బలముందా అని నేను కాసేపు తల ఎత్తుకుని నడిచాను.

ఎంత గొప్ప ఉపాయం! దేశంలో ఏ కష్టమైనా ఇలాగే తీరుతుంది. వానలు ఆలస్యమైతే మృగశిర కార్తెను రెండు వారాలు జరపండి. నేను ఆలస్యంగా చదువుకున్నానా? బడిలో చేర్చుకునే వయసు అరవై అని రాయండి, క్లాసులో నేనే చిన్నదాన్ని! మా ఆయన నలభై రెండేళ్లకే పోయాడు. ఆ ఆఫీసుకు రాసి ఉంటే, రైట్ టైముకే పోయాడని జవాబు వచ్చేది. ఇన్నేళ్లు ఊరికే ఏడ్చాను.

చిక్కు ఒక్కటే. తస్లీమా డ్యూటీ తొమ్మిదికి. ఈ రైలు సికింద్రాబాద్ చేరేది తొమ్మిది ఇరవైకి. ఇదివరకు మా స్టేషన్ మాస్టర్ వీరస్వామి 'రైలు గంట ఆలస్యం' అని చీటీ రాసి ముద్ర వేసి ఇచ్చేవాడు. అది చూసి దవాఖాన వాళ్లు గొణిగినా ఊరుకునేవారు. ఒకటో తారీఖున తస్లీమా ఎప్పటిలాగే కిటికీలో చెయ్యి పెట్టింది.

"చీటీ ఏంది బిడ్డా? బండి రైట్ టైముల ఉన్నది" అన్నాడు వీరస్వామి.

"నిన్న గూడ గిదే టైముకు వచ్చింది గద సార్!"

"నిన్న లేటు, ఇయ్యాల రైటు. రైటుకు లేటు చీటీ ఎట్ల రాయాలె? నా నౌకరి పోతది."

"చీటీ లేకుంటే నా నౌకరి పోతది సార్."

నేను మధ్యలో దూరాను. "వీరస్వామీ, బండి లేటు గాదంటివి. పిల్ల లేటు గాదు, ఆరింటికే వచ్చి కూసున్నది. మరి గా గంట ఎవ్వలదయ్యా?"

"నీదే అవ్వా. కాయితం రాసింది నువ్వే గద!"

ఆ రోజు దవాఖాన రిజిస్టర్‌లో తస్లీమా పేరు మీద ఎర్ర గీత పడింది. మర్నాడు ఇంకోటి. "రైలు టైముకే వచ్చిందట. లేటైంది నువ్వే" అని సూపర్‌వైజర్ అన్నాడట. మూడో గీత పడితే కొలువు పోయినట్టే. ఈ బండికి ముందు వచ్చే రైళ్లేవీ మా స్టేషన్‌లో ఆగవు. బస్సుకు జనగామ పోదామంటే మా ఊరి మొదటి ఆటో కదిలేది ఏడింటికి. తస్లీమా తండ్రి అమీర్ అలీ దర్జీ. చూపు మందగించి మిషను మూతపెట్టాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పిల్ల జీతంతోనే.

అందుకని తస్లీమా ఉన్న సెలవులన్నీ పెట్టి ఇంట్లో కూర్చుంది. ఆలస్యం కాకూడదని అసలే పోకుండా ఉంది. నేను పోయి, "నిన్ను నేనే ముంచిన బిడ్డా" అన్నాను.

"నువ్వేం ముంచినవ్ అవ్వా? తప్పులు దిద్దింది నేనే గద" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

మైకులో ఆమె కూడా ఇప్పుడు చింతించడం మానేసింది. రైట్ టైముకు చింత దేనికి?

అయ్యా, పై ఆఫీసు పెద్దలారా! ఆ పిల్ల సెలవులు వచ్చే ఆదివారంతో అయిపోతాయి. రైలును త్వరగా నడపమని నేను అడగను. ఒకసారి అడిగి చూశాను, చాలు. ఏడు పదికే రానివ్వండి. బోర్డు మీద మాత్రం ఆరు పది అని మళ్లీ రాయండి. ఆలస్యంగా రావడం మీకు కష్టం కాదు, ఆలస్యమని ఒప్పుకోవడమే కష్టం. సోమవారం పొద్దుటికల్లా ఆ కష్టం ఒక్కటి పడండి. ఆ గంట మీది. తస్లీమా పేరు మీద రాయకండి.

— పాశం సోమక్క,
అరవై మూడేళ్లు,
ప్రస్తుతం ఉండేది గుండ్లవాగు స్టేషన్ వెనక, జనగామ జిల్లా.