చిన్నమ్మలు రెండో సిట్టింగు

గురువారం ఉదయం డాక్టర్ సత్యశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మోపెడ్ మీద రాజోలులో బయల్దేరాలి. అంతర్వేది దారిలో ఉన్న చిన్నమ్మలు ఊరు వెళ్ళాలి. ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని పదింటికల్లా క్లినిక్‌కి తీసుకొచ్చి, కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరవమనాలి. ఇందులో తేడా రావడానికి ఏమీ లేదని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. పుట్టి పెరిగింది హైదరాబాదులో, కోనసీమకు వచ్చి ఆరునెలలే అయింది కాబట్టి ఆ నమ్మకాన్ని తప్పుపట్టడానికి లేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. బస్టాండు పక్కన మేడ మీద ఆమె పళ్ళ ఆసుపత్రి తెరిచిన నాటినుంచీ, వచ్చినవాళ్ళందరూ దవడ పట్టుకుని ఒకే మాట అనేవారు. "పీకెయ్యండి." పన్ను వేళ్ళలో సన్నటి కాలవలుంటాయనీ, వాటిలో చేరిన బ్యాక్టీరియాను సూదుల్లాంటి పనిముట్లతో శుభ్రం చేసి, పీకకుండానే పన్నును నిలబెట్టవచ్చనీ ఆమె బొమ్మ గీసి మరీ చెప్పేది. వాళ్ళు ఎంతో మర్యాదగా విని, "ఆయ్, అలాగేనండి" అని తలూపి, మర్నాడు ఇంకెక్కడో పీకించేసుకునేవారు. పీకించుకున్న పన్ను కాగితంలో చుట్టి తెచ్చి ఆమెకు చూపించి వెళ్ళిన మర్యాదస్తులు కూడా ఉన్నారు.

ఆరునెలల మొత్తానికి ఈ రూట్ కెనాల్ వైద్యానికి ఒప్పుకున్నది చిన్నమ్మలు ఒక్కతే. ఆ పన్ను నిలబడితే చూపించడానికి ఒక మనిషంటూ ఉంటుంది. అది కాస్తా చెడి వాచిందంటే, ఈ చుట్టుపక్కల రూట్ కెనాల్ పేరెత్తేవాళ్ళుండరు, తను మేడ ఖాళీ చేసి రైలెక్కడమే. మొదటి సిట్టింగులో నరం తీసి, కడిగి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా సిమెంటు వేసి వారంలో రమ్మంది. మూడు వారాలైంది. చిన్నమ్మలు జాడ లేదు. ఆ సిమెంటు ఎన్నాళ్ళు ఆగుతుందో తలుచుకుంటే సత్యశ్రీకి అన్నం సయించడంలేదు.

ఇక్కడ చిన్నమ్మలు సంగతి కాస్త చెప్పాలి. ఎండుచేపల వ్యాపారం, అరవై ఏళ్ళ వయసు, నోటినిండా ముప్ఫైరెండు పళ్ళు. కొబ్బరికాయ పీచు పళ్ళతో వలిచి చూపించి పందేలు గెలిచిన మనిషి. పదకొండేళ్ళ క్రితం ఒక పెళ్ళి పంక్తిలో, పళ్ళన్నీ ఊడిన ఆడపడుచు పాపాయమ్మను చూసి, "నీకు చెగోడీలెందుకు వదినా, పాయసం తాగు" అంది. పాపాయమ్మ విస్తరి ముందునుంచి లేచిపోయింది. ఆనాటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. అలాంటి చిన్నమ్మలు తన దవడ పన్ను పుచ్చిందని చెప్పుకుంటుందా? మొహంమీద కొంగు కప్పుకుని మేడెక్కి వచ్చింది. కట్టుకున్న భర్తకు కూడా చెప్పనని సత్యశ్రీ చేత చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఊరి సెంటర్లో అంజిబాబు టీ కొట్టు ఉంది. పక్కనే ఫోను బూత్ కూడా అతనిదే. సత్యశ్రీ మోపెడ్ ఆపి దారి అడిగింది.

"చిన్నమ్మలుగారి ఇల్లాండీ? చెరువు దాటేక మూడోదండి. తమరెవరండీ?"

"డాక్టర్నండీ. రాజోలునుంచి వచ్చాను."

అంజిబాబు టీ వడగట్టడం ఆపేశాడు. "డాక్టరుగారే ఇంటికొచ్చేరా? ఏమైందండి ఆవిడకి?"

"అది చెప్పకూడదండీ. ఆవిడతోనే మాట్లాడాలి."

ఈ ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా అడిగితే చెబుతారు, అడగకపోయినా చెబుతారు. చెప్పకూడని విషయం అంటూ ఒకటి అంజిబాబు పుట్టాక ఇదే వినడం. ఇప్పటిదాకా పేషెంట్లు డాక్టర్ల వెంటపడటం చూశాడుగాని, డాక్టరు పేషెంటును వెతుక్కుంటూ రావడం చూడలేదు. అది ఎంత పెద్ద జబ్బైతే అలా వస్తారో అతనికి చప్పున తెలిసిపోయింది. మోపెడ్ చెరువు దాటకముందే అతను మలికిపురంలో పాపాయమ్మ పక్కింటికి ఫోను కలిపాడు.

చిన్నమ్మలు ఇంట్లో లేదు. సరుకు కోసం అంతర్వేది వెళ్ళింది. భర్త తాతారావు అరుగుమీద వల బాగుచేసుకుంటున్నాడు.

"కూచోండమ్మా. బస్సుకి వచ్చేస్తాది. ఏటండీ విషయం?"

"ఆవిడకే చెబుతానండీ."

తాతారావు చేతిలో వల జారిపోయింది. ఆయన మెతక మనిషి, గట్టిగా అడగలేడు. "పెద్దదాండీ?" అన్నాడు మెల్లగా.

ఆయన మొహం చూసి సత్యశ్రీకి జాలేసింది. పన్ను అన్న మాట రాకుండా ధైర్యం చెప్పాలనుకుంది. "కంగారుపడకండి. ఇన్ఫెక్షన్ చాలావరకు తీసేశాను. కాకపోతే మధ్యలో వదిలేశారు. అలాగే వదిలేస్తే ఎముక దాకా పోతుంది, అందుకని స్వయంగా వచ్చాను."

"ఎముక దాకానా!" అని వెనకనుంచి పదిమంది ఒక్కసారే అన్నారు. ఆ పదిమంది ఎప్పుడొచ్చారో ఆమెకు తెలియదు. పావుగంటలో నలభైమంది అయ్యారు. పరామర్శకు వట్టి చేతులతో రాకూడదు కాబట్టి బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరి బోండాలు అరుగంతా పేరుకున్నాయి. ఇంటికొచ్చిన డాక్టరుకు మర్యాద తగ్గకూడదు కాబట్టి ఏడుస్తూనే కాఫీ ఇచ్చారు. ఏడుస్తూనే ఇడ్లీలు పెట్టారు. వద్దంటే, చిన్నమ్మలుకు ఇంక ఆశ లేదు కాబోలనుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు. సత్యశ్రీ ఆరు ఇడ్లీలు తినేసింది.

ఇంతలో ఆటో దిగి పాపాయమ్మ పరుగెత్తుకొచ్చింది. "మా వదిన ఏదర్రా? పదకొండేళ్ళు పట్టుదలకి పోయేనర్రా!" అంటూ గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంది.

సరిగ్గా ఆ సమయానికి నెత్తిన ఎండుచేపల గంపతో చిన్నమ్మలు సందు మలుపు తిరిగింది. ఇంటిముందు జనం. ఏడుపులు. గంప కిందపడేసి, "ఓరి దేవుడో! మా ఆయన పోయేడ్రో!" అని శోకం ఎత్తుకుంది. జనం పక్కకు జరిగారు. మధ్యలో తాతారావు నిక్షేపంలా నిలబడి ఉన్నాడు.

చిన్నమ్మలు ఏడుపు ఆపింది. "మరి పోయిందెవరు?"

"నువ్వేనే" అన్నాడు తాతారావు వెక్కుతూ.

చిన్నమ్మలు ఆ మాట అర్థం చేసుకునేలోపు పాపాయమ్మ వచ్చి మెడ వాటేసుకుంది. "వదినా! ఆ చెగోడీల మాట ఎప్పుడో మర్చిపోయేను వదినా!" చిన్నమ్మలుకు ఆమె భుజం మీదుగా సత్యశ్రీ కనిపించింది. చటుక్కున నోరు మూసుకుంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"పన్నని చెప్పేసేరేటండి?"

"లేదండీ. ఒట్టు వేశాను కదా."

"బతికించేరు తల్లీ!"

"ఎక్కడ బతికించానండీ? వాళ్ళందరూ మీరు పోతున్నారనుకుంటున్నారు!"

"అనుకోనివ్వండమ్మా. పోతే పోతానుగాని, పాపాయమ్మ ముందు పుప్పిపన్ను అని మాత్రం అనకండి."

సత్యశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. "అసలు రెండో సిట్టింగుకి ఎందుకు రాలేదు మీరు?"

"నొప్పి తగ్గిపోయిందండి. తగ్గేక కూడా మళ్ళీ వస్తే, మీ వైద్యం మీద నమ్మకం లేదన్నట్టు ఉండదాండీ? కొత్తగా ఆసుపత్రి పెట్టుకున్న పిల్ల, మనసు కష్టపెట్టుకుంటాదని ఊరుకున్నాను."

తన క్లినిక్ మునిగిపోబోయింది అమర్యాద వల్ల కాదు, మర్యాద వల్ల అని తెలిసి సత్యశ్రీ కాసేపు నూతి గట్టుమీద కూర్చుంది. తర్వాత లేచి, జీవితంలో మొదటిసారి ఒక పేషెంటును బెదిరించింది. "ఇప్పుడే బయల్దేరి వచ్చి కుర్చీలో పడుకుంటారా, అరుగెక్కి అందరికీ చెప్పెయ్యమంటారా?"

చిన్నమ్మలు బయల్దేరింది. ఆవిడతోపాటు ఊరూ బయల్దేరింది. చేపల వ్యానులో ఇరవైమంది, ఆటోల్లో పదిమంది, మిగతావాళ్ళు సైకిళ్ళ మీద. క్లినిక్ మెట్లు పట్టక సగంమంది బస్టాండులో నిలబడ్డారు. లోపలికి ఎవరూ రాకూడదంది సత్యశ్రీ. "ఆఖరి ఘడియల్లో వదిన్ని వదిలేస్తానేటండి?" అని పాపాయమ్మ తోసుకొచ్చి, కుర్చీ పక్కనే నిలబడి చిన్నమ్మలు చెయ్యి పట్టుకుంది.

ఇక చేసేదేముంది? దీపం వేసి, నోరు తెరిపించింది. సిమెంటు ఒక అంచున పగిలింది, పగులు లోపలికింకా దిగలేదు. ఇంకో వారం ఆగి ఉంటే చేసిందంతా వృథా అయ్యేది. సత్యశ్రీకి చెప్పలేనంత సంతోషం కలిగింది. సిమెంటు తీసి, సూదిలాంటి సన్నటి ఫైలు ఒకటి పన్ను వేరులోకి దింపి మెల్లగా తిప్పింది. తర్వాత దానికన్నా కాస్త లావుది. మధ్యమధ్యన బ్లీచింగు వాసనొచ్చే మందుతో కడిగింది.

పాపాయమ్మ వంగి చూసింది. "పన్నేటండి?"

చిన్నమ్మలు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇంక దాచి లాభం లేక సత్యశ్రీ చెప్పింది. "పన్నేనండీ. వేళ్ళల్లో మూడు కాలవలుంటాయి. వాటిలో చెడు చేరితే శుభ్రం చేస్తున్నాను."

"పంటకాలవలో లాగ పూడిక తీత్తన్నారన్నమాట. శివారు దాకా తియ్యకపోతే మళ్ళీ పూడిపోద్ది."

ఆరునెలలుగా బొమ్మలు గీసినా ఎవరికీ ఎక్కని సంగతి ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. సత్యశ్రీ చెయ్యి ఆపి ఆవిడ మొహంలోకి చూసింది. పాపాయమ్మ నవ్వడంలేదు.

"నా పళ్ళు కూడా ఇలాగ చేసుంటే ఉండేవాండీ?"

"కొన్నైనా ఉండేవండీ."

"నాకెవరూ చెప్పలేదమ్మా. పీకుతానన్నారు, పీకించుకున్నాను." ఆ మాట విని చిన్నమ్మలు కళ్ళ చివర నీళ్ళు జారాయి. అవి నొప్పి వల్ల వచ్చినవి కావు. కాసేపటికి పాపాయమ్మ ముక్కు చీదుకుని, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "వదినా, పదకొండేళ్ళనుంచి నిన్ను తిట్టాలనుకున్నవి చాలా ఉండిపోయేయి. ఇప్పుడైతే నువ్వు తిరిగి ఒక్క మాటా అనలేవు. మొదలెడతన్నాను" అంది. మొదలెట్టింది కూడా. మూడు కాలవలూ శుభ్రమయ్యేదాకా, అరగంటసేపు, చిన్నమ్మలు చెయ్యి వదలకుండా తిట్టింది.

కొత్త సిమెంటు వేశాక, మూడో సిట్టింగుకి తనే వెంటబెట్టుకొస్తానని పాపాయమ్మ మాటిచ్చింది. బయటికి వచ్చి, మెట్లమీద ఊపిరి బిగపట్టి నిలబడ్డ జనాన్ని కలియజూసింది. పదకొండేళ్ళ కసి తీర్చుకోవడానికి ఒక్క మాట చాలు. కాని వదిన ఆవిడ కొంగు పట్టుకుని ఉంది.

"గండం గడిచిందర్రా!" అంది పాపాయమ్మ. "డాక్టరమ్మ నోట్లోంచి సూదులు దింపి, జబ్బు మొత్తం తోడి పారేసేరు. కళ్ళారా చూసేను."

శుక్రవారం పొద్దున సత్యశ్రీ క్లినిక్ తెరిచేసరికి వరస మెట్లు దిగి, సోడా కొట్టు దాటి, బస్టాండు దాకా ఉంది. ఆమె ఆనందంగా కొత్త రిజిస్టరు తెరిచింది. "చిన్నమ్మలుగారికి చేసిన ఆ సూదుల వైద్యమే మాకూ చెయ్యండమ్మా" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఆమె ఒక్కొక్కరినే కూర్చోబెట్టి వివరాలు రాసుకుంది. మోకాళ్ళ నొప్పులు పదిహేడు, ఆయాసం తొమ్మిది, గ్యాసు పదకొండు, నడుం పట్టేసినవాళ్ళు ఆరుగురు.

పన్ను నొప్పి ఉన్నవాడు ఒక్కడూ లేడు.