కనుమ దారిలో మూడు ప్రదక్షిణలు

ఆ ఉదయం సుమియా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్పు టీ తాగాలి, వ్యాను ఎక్కాలి, ఆల్తాయ్ కొండలు దాటి మధ్యాహ్నానికల్లా కూతురి గుడారం చేరాలి. మనవడికి ఆ రోజు మొదటిసారి జుట్టు తీస్తున్నారు. ఇందులో కొత్త సంగతల్లా, యాభై దాటిన వయసులో ఆమె మొదటిసారి ఒక్కతే బండి నడుపుకుంటూ వెళ్ళడం.

ఆమె భర్త పురెవ్ చాలాకాలం లారీ నడిపి మానేసినవాడు. లారీ మానేశాడు గాని నడపడం మానలేదు. సుమియా వ్యాను నడుపుతుంటే పక్కన కూర్చుని నోటితో నడుపుతాడు. "గేరు మార్చు. ఇప్పుడు కాదు, ఇందాక," అంటాడు. ముందురోజు మాటామాటా పెరిగి వ్యవహారం పందెం దాకా వెళ్ళింది.

"ఒక్కదానివే, ఎవరి సాయం లేకుండా కనుమ దాటి రా. వ్యాను తాళం నీదే. ఇక జన్మలో నీ పక్కన కూర్చుని నోరెత్తను," అన్నాడు పురెవ్.

"దాటలేకపోతే?"

"ఎత్తుతూనే ఉంటాను."

ఆ తాళం కోసం సుమియా ఎంత తుఫానుకైనా ఎదురెళ్ళేది. బావమరిది జీపు అడిగి తీసుకుని తను వెనకాల వస్తానన్నాడు పురెవ్.

ఊరు దాటేసరికే గాలి దుమ్ముతో ఎర్రబడింది. రోడ్డు పక్కన మూట మీద కూర్చున్న ముసలావిడ చెయ్యెత్తింది. సుమియా బండి ఆపీ ఆపకముందే తలుపు తీసుకుని ఎక్కేసింది. ఆ కొండల్లో బండిలో ఖాళీ ఉందంటే అది దారిన పోయేవాళ్ళదే, అడిగే పని లేదు. ఆమె పేరు దుల్మా.

"ఒక్కదానివే పోతున్నావేంటి తల్లీ, ఈ గాలిలో?"

"మా ఆయన లేకుండా వెళ్ళాలనిపించింది అవ్వా."

అవ్వ నిట్టూర్చి సుమియా భుజం నిమిరింది. సుమియా అప్పుడే అనుమానించి ఉంటే కథ అక్కడితో తెమిలిపోయేది.

కొండ కింద దారిపక్క గుడారంలో టీ తాగకుండా పోతే మర్యాద కాదు. సుమియా రేడియేటర్‌లో నీళ్ళు పోసి వచ్చేలోగా అవ్వ లోపల చెప్పాల్సింది చెప్పేసింది. గుడారంలో ఆడవాళ్ళు సుమియా ఒళ్ళో మీగడా ఎండు జున్నూ గుమ్మరించారు. "తిను తల్లీ, గుండె దిటవు చేసుకో," అన్నారు. గొంబో అనే పహిల్వాను ఒక మేకపిల్లను చంకనెత్తుకుని లేచాడు.

"నేనూ అటే అక్కా. నేనుండగా నీ మీద ఈగ వాలదు."

"నా మీద ఈగెందుకు వాలుతుంది తమ్ముడూ?"

గొంబో అప్పటికే వ్యాను ఎక్కి కూర్చున్నాడు. పందెం ఏమవుతుందా అని సుమియాకు దిగులు పట్టుకుంది. వీళ్ళు సాయం చేసేవాళ్ళు కాదు, చేయించుకునేవాళ్ళేగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

కొండ ఎక్కుతుంటే దుమ్ములో మంచు కలిసింది. దారేదో ఆకాశమేదో తెలియలేదు. అవ్వ ఎడమకు పొమ్మంది, గొంబో కుడికి పొమ్మన్నాడు, మేకపిల్ల సీటు తొడుగు తినడం మొదలుపెట్టింది. సుమియా ఇద్దరి మాటా వినకుండా చక్రాల జాడ పట్టుకుని పోయింది. అంతలో ఎదురుగా ఒక దిబ్బ, దాని మీద రెపరెపలాడుతున్న నీలిగుడ్డ కనిపించాయి.

"ఆపు! ఓవో," అంది అవ్వ.

ఓవో అంటే కనుమ మీద మొక్కులకు పేర్చిన రాళ్ళ గుట్ట. దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, రాయి వేసి, కొండను మొక్కుకోకుండా ముందుకు పోవడం ఎవరివల్లా కాదు. కనుమ అప్పుడే వచ్చేసిందా అని సుమియాకు అనుమానం వచ్చింది గాని, ఆ దుమ్ములో ఎవరికి తెలుసు? ముఖాలకు గుడ్డలు కట్టుకుని ముగ్గురూ దిగారు. అవ్వ పాలు చిలకరించింది. గొంబో తన ఒంటికి తగ్గ బండరాయి ఎత్తి గుట్ట మీద పెట్టాడు. అది ఠంగుమంది. గాలి హోరులో ఎవరూ పట్టించుకోలేదు.

"కొండ తండ్రీ," అంది అవ్వ మూడో చుట్టులో, "ఈ పిల్లను ఇంట్లోంచి తరిమేసిన మొగుడికి బుద్ధి చెప్పు."

సుమియా నిలబడిపోయింది. మీగడా జున్నూ ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమైంది.

"నన్నెవరూ తరమలేదవ్వా. మా ఆయన మంచోడు." ఆమె గుట్ట వైపు తిరిగి చేతులు జోడించింది. "కొండ తండ్రీ, నాకు ఈ దారంటే భయం లేదు. పక్కన ఆయన నోరుంటేనే చేతులు వణుకుతాయి. నా చేతుల మీద నాకు నమ్మకం కలగనీ. ఇంకేమీ వద్దు."

అంతలో ఓవోకి కిటికీ అద్దం దిగింది.

"రాళ్ళు చాలు," అంది ఓవో. "బావమరిది బండి. నిరుడే రంగు వేయించాడు."

అవ్వ సాష్టాంగపడింది. ముందు తేరుకున్న గొంబో కిటికీలోకి చెయ్యి పెట్టి పురెవ్ కాలరు పట్టుకున్నాడు. "ఇతనేనా అక్కా?"

"ఇతనే. వదిలెయ్ తమ్ముడూ."

భార్య ఏమవుతుందోనన్న బెంగతో పురెవ్ అడ్డదారిన ముందే వచ్చి కనుమ దగ్గర కాపు కాద్దామనుకున్నాడు. జీపు ఇసుకలో దిగబడింది. ఎవరైనా చూస్తారని నీలిగుడ్డ ఏంటెనాకు కట్టి లోపల కూర్చున్నాడు. జీపును ఓవో చేసే మిగతా పని దుమ్మూ మంచూ చేశాయి.

వ్యాను వెనక సీట్లో, మేకపిల్ల ఒళ్ళో ఉండగా, పురెవ్ గొంతు సవరించుకున్నాడు. "షరతు ఒక్కదానివే రమ్మని. లెక్క చూస్తే మనం..."

సుమియా బండి ఆపింది. "నిజమే. ఎక్కువైనవాళ్ళు దిగొచ్చు. చివర ఎక్కినవాళ్ళు ముందు."

పురెవ్ బయటికి చూశాడు. "పోనీ," అన్నాడు.

దిగుడులో ఆమె గేరు ఆలస్యంగా మార్చింది. పురెవ్ నోరు తెరుచుకుంది, మేకపిల్ల వీపుకు ఆనుకుని మూసుకుంది. సుమియా అద్దంలో అది చూసింది. చేతులు వణకలేదు.

గుడారం ముందు కూతురు ఎదురొచ్చింది. "అమ్మ నిజంగా ఒక్కతే వచ్చిందా నాన్నా?"

"ఒక్కతే. ఎవరి సాయమూ లేదు," అన్నాడు పురెవ్, తాళం సుమియా చేతిలోనే ఉంచి, ఆమె గుప్పిట మూసి.

"మరి నువ్వెలా వచ్చావు?"

"దారిలో దర్శనమిచ్చాడు తల్లీ," అంది అవ్వ.

గాలి తగ్గాక జీపు కోసం సుమియాయే అతన్ని వ్యానులో తీసుకెళ్ళింది. బానెట్ మీద రాళ్ళు రెట్టింపయ్యాయి, కొత్తగా రెండు నీలిగుడ్డలు కట్టి ఉన్నాయి, ఎవరో జున్ను కూడా పెట్టి వెళ్ళారు. పురెవ్ చుట్టూ చూసి, ఎందుకైనా మంచిదని మూడుసార్లు ప్రదక్షిణ చేసి గాని తలుపు తియ్యలేదు.