ఖాళీ గిన్నె నిరోధక చట్టం

ఈ దేశంలో రాజ్యాంగం కంటే పాతది, పోలీసుల కంటే ఎక్కువమందిని భయపెట్టేది ఒకే ఒక్క చట్టం: పొరుగింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు. దీన్ని ఎవరు చేశారో తెలియదు. ఉల్లంఘించినవాళ్ళు ఉన్నట్టు దాఖలాలు లేవు. (ఉన్నా, వాళ్ళింటికి మళ్ళీ ఎవరూ కూర పంపలేదు గనక సాక్షులు దొరకరు.)

ఇంతకాలం ఈ చట్టం నోటిమాట మీదే నడిచింది. దానికి నిబంధనలు, శ్రేణులు ఏర్పరిచిన ఘనత ఆమదాలవలసలోని నాగావళి నిలయం అపార్ట్‌మెంటు అధ్యక్షుడు జగన్నాధం గారిది. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆ తర్వాత సంతకం పెట్టడానికి ఏమీ దొరక్క కొన్నాళ్ళు పాలప్యాకెట్ల మీద పెట్టారు. అలాంటి సమయంలో దేవుడు పంపినట్టు కరివేపాకు కేసు వచ్చింది.

మూడో అంతస్తులో ఉండే శైలజ మేడమీద పెయింటు డబ్బాల్లో మొక్కలు పెంచుతుంది. ఆమె కింది ఫ్లాట్ తవిటమ్మకు గిన్నెడు పులుసు పంపింది. తవిటమ్మ గిన్నెను ఖాళీగా ఇవ్వలేదు, నిండా కరివేపాకు పెట్టి ఇచ్చింది. శైలజ మురిసిపోయి మేడ మీదికి వెళ్ళి చూస్తే, తన కరివేపాకు మొక్క బోడిగా నిలబడి ఉంది.

"నా మొక్కది తెంపి నాకే ఎట్టినావేటే?" అంది శైలజ.

"మరి ఖాళీగా ఇస్తే బాగుంటాదేటి? నీకు ఇయ్యడానికే తెంపినాను, నాకోసం ఒక్క రెబ్బ ఉంచుకుంటే ఒట్టు!" అంది తవిటమ్మ, ఎంతో నొచ్చుకుని.

జగన్నాధం గారు ఆ సాయంత్రమే కమిటీ వేశారు. గిన్నెలో తిరిగి వచ్చేది సొంత ఇంటి తయారీయే అయి ఉండాలి. వెళ్ళినదానికంటే తక్కువ శ్రేణిది కాకూడదు. పప్పు, పచ్చడి మూడో శ్రేణి. పులుసులు రెండో శ్రేణి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, పిండివంటలు మొదటి శ్రేణి. పచ్చిమిరపకాయలు, చిటికెడు పంచదార, "ఇంకోసారి ఇస్తాలే" అనే మాట లెక్కలోకి రావు. శ్రేణిని ఖర్చును బట్టి కాక చాకిరీని బట్టి నిర్ణయించాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (కమిటీలో అందరూ మగవాళ్ళే. చాకిరీ విషయంలో వాళ్ళకు ఎలాంటి పక్షపాతమూ లేదు.)

చట్టం అద్భుతంగా పనిచేసింది. గిన్నెలు తిరగడం మానేశాయి.

శైలజ గిన్నె కూడా ఆగిపోయింది. అదీ అధ్యక్షుడి ఇంట్లో. చట్టం రాకముందు అలవాటు కొద్దీ ఆమె వాళ్ళకు పనసపొట్టు కూర పంపింది. లేత పనసకాయ కొట్టి, చేతులకు నూనె రాసుకుని, జిగురుతో కుస్తీ పట్టి చేసిన కూర. అంత చాకిరీకి సమానమైనది వండేదాకా గిన్నె తిరిగివ్వకూడదు. అధ్యక్షుడి భార్య కుసుమకుమారికి అంత ఓపిక లేదు. అంటే, ఎంత మంచి కూర పంపితే గిన్నె అంత ఆలస్యంగా వస్తుంది. (ఇది లోపం కాదని, ఉదారతను అదుపులో ఉంచే ఏర్పాటని అధ్యక్షులవారు వివరించారు.)

మామూలు రోజుల్లో అయితే శైలజ ఊరుకునేదే. కానీ ఆదివారం రాజకుమారి వస్తోంది.

రాజకుమారి శైలజ భర్త ఈశ్వర్‌కు అక్క. ఉండేది విజయనగరం. కిందటిసారి వచ్చినప్పుడు శైలజ కుక్కర్లో ఇసుక పోసి చేసిన కేకు తిని, బంధువులందరి ముందూ, "ఉప్మాలో పంచదార ఏసినావేటే?" అంది. ఆ మాట చీపురుపల్లి దాకా పాకింది. ఆదివారం మళ్ళీ కేకు చేసి ఆ నోరు మూయించాలని శైలజ కంకణం కట్టుకుంది. పిండి సిద్ధం. గుడ్లు సిద్ధం. ఆ బుల్లి కుక్కర్లో పట్టే గిన్నె మాత్రం ఒక్కటే, అది అధ్యక్షుడి ఇంట్లో ఉంది.

శైలజ తలుపు కొట్టింది.

"బాబాయిగారూ, నా గిన్నె ఇచ్చేయండి. ఖాళీగానే ఇచ్చేయండి, నానేటీ అనుకోను."

"మీరు అనుకోకపోవచ్చు. నిబంధన అనుకుంటుంది," అన్నారు జగన్నాధం గారు.

"పోనీ మా ఇంట్లోంచే కాసింత కూర తెస్తాను. అది అందులో ఎట్టి నాకు ఇచ్చేయండి."

ఆయన ముఖం పాలిపోయింది. "అంటే బినామీ కూరా? కరివేపాకు కేసు మర్చిపోయారా?"

లోపల ఆయన తల్లి లక్ష్మణమ్మ మంచం మీద కూర్చుని ఊలు అల్లుతోంది. ఏప్రిల్ ఎండలో మఫ్లరు. పక్కనే శైలజ గిన్నె. అందులో నీలం ఊలు ఉండ.

"ఓలమ్మో, గిన్నెకోసం వచ్చినావేటే? కింద ఎడితే ఈ ఉండ మంచం కిందికి దొర్లిపోతన్నాది. ఇందులో అయితే బుద్ధిగా కూకుంటాది. దీన్ని అట్టుకుపోతే నా మఫ్లరు ఏటయిపోవాల?"

శైలజ ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది. ఈశ్వర్ కొత్త గిన్నె కొనుక్కోమన్నాడు. బజారంతా తిరిగింది. కొత్త గిన్నెలన్నింటికీ అంచులు వెడల్పు, కుక్కర్లో దిగవు.

"అయితే కేకు మానేయే. మా అప్పకు జీళ్ళు తెచ్చి ఎడదాం," అన్నాడు ఈశ్వర్.

శైలజ అతనికేసి చూసిన చూపుకి అతను టీవీ కట్టేశాడు. అందులో నడుస్తున్నది క్రికెట్ మ్యాచ్ అని కూడా మర్చిపోయాడు.

అప్పుడే ఆమెకు చట్టంలో కన్నం కనిపించింది. శ్రేణి ఖర్చును బట్టి కాదు, చాకిరీని బట్టి. తిరిగివ్వడానికి అడ్డంకులున్నాయి గాని, పంపడానికి ఏమీ లేవు.

మర్నాడు ఉదయం అధ్యక్షుడి ఇంటికి అరటిపువ్వు కూర వెళ్ళింది. పువ్వులో ఒక్కొక్క రేక విప్పి, ఒక్కొక్క కాడ తీసి చేసినది. ఖర్చు దాదాపు లేదు, శ్రేణి మొదటిది. ఆ వెనకే పీచు తీసి తరిగిన అరటిదవ్వ పెరుగుపచ్చడి వెళ్ళింది. పచ్చడి మూడో శ్రేణి కదా అని కుసుమకుమారి ఊపిరి పీల్చుకునే లోపు, పీచు తీసిన చాకిరీ దృష్ట్యా అది మొదటి శ్రేణికి వస్తుందని శైలజ వాదించింది. చట్టం రాసినాయన తల పట్టుకుని ఒప్పుకోవలసి వచ్చింది. మధ్యాహ్నానికి మునగాకు కూర దిగింది, ఈసారి బిందెడు.

వంటగట్టు నిండింది. డైనింగ్ టేబుల్ నిండింది. జగన్నాధం గారు కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి కిటికీ అంచు వెతుక్కున్నారు. ఒక్కో పాత్రా ఒక్కో మొదటి శ్రేణి బాకీ.

కుసుమకుమారి మెట్లెక్కి వచ్చింది. "ఏటే శైలూ, మామీద పగేటే నీకు?"

"పగేటి పిన్నీ? ప్రేమ. రేపు గుమ్మడి వడియాలు ఎడతన్నాను. మీకు రెండు డబ్బాలు పంపుతాను."

కుసుమకుమారి గోడ పట్టుకుని కిందికి దిగింది. దిగి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి భర్తను పేరు పెట్టి పిలిచింది.

శనివారం అధ్యక్షులవారు అత్యవసర ఉత్తర్వు జారీ చేశారు. బాకీలన్నింటినీ ఒకే ఘనమైన వంటకంతో ఏకమొత్తంగా తీర్చవచ్చు. ఆ వంటకం పనసపొట్టు గిన్నెలోనే వెళ్ళాలి. అదీ వెంటనే. లక్ష్మణమ్మ చేతిలోంచి గిన్నె లాక్కున్నారు. ఊలు ఉండ మంచం కిందికి దొర్లిపోయింది. ముసలామె తిట్లు వీధి చివరి దాకా వినిపించాయి.

ఆదివారం ఉదయం శైలజ తలుపు తీసింది. ఎదురుగా కుసుమకుమారి. ఆమె చేతిలో గిన్నె. శైలజ చేయి చాచింది. అంతలో ఆగిపోయింది.

గిన్నె నిండా కేకు.

"అల్లుడు కొనిచ్చిన ఓవెన్లో ఇన్నాళ్ళూ వడియాల డబ్బా ఎట్టుకున్నాను. రేత్రి తీసి చేసినాను," అంది కుసుమకుమారి. "ఇంక ఏటీ పంపకే తల్లీ. నీకు దండం ఎడతాను." వెళ్ళిపోయింది.

శైలజ కేకును పళ్ళెంలోకి బోర్లించింది. బంగారు రంగు. దూది లాంటి మెత్తదనం. తన జన్మలో రానిది. గిన్నె కడిగి తన పిండి కలపడానికి అరగంట కావాలి.

మెట్ల మీద గొంతు వినిపించింది. "ఒరే ఈశ్వరూ! రైలు ఈరోజు ముందే వచ్చీసిందిరా!"

రాజకుమారి సంచీ పక్కన పడేసి కేకును చూసింది. ఒక ముక్క తిన్నది. రెండో ముక్క తిన్నది. మూడోది అడగకుండానే తీసుకుంది. మధ్యలో నోట్లోంచి ఒక నీలం పోగు తీసింది.

"ఇదేటే?"

"రంగేసిన కొబ్బరి, వదినా," అంది శైలజ.

"నువ్వే సేసినావా?"

ఈశ్వర్ తలెత్తి ఫ్యానుకేసి చూశాడు.

"మరెవరు సేస్తారు వదినా?"

రాజకుమారి కళ్ళు చెమర్చాయి. "నా నోట్లో మట్టి పడ. ఇంత బాగా సేసేదానివి, నిన్ను ఉప్మా అన్నాను సూడు! ఒరే, ఫోటో తియ్యి. మీ అపార్ట్‌మెంటు గ్రూపులో ఎట్టు. మా మరదలు సేతి కేకు అని రాయి. అందరూ సూడాల."

అక్క మాట ఈశ్వర్ ఎన్నడూ జవదాటలేదు. ఫోటో పెట్టాడు. మాట కూడా రాశాడు.

కాసేపటికి గ్రూపులో అధ్యక్షులవారి సందేశం వచ్చింది.

"మూడో అంతస్తు శ్రీమతి శైలజ గారికి. సదరు కేకును మీరే తయారు చేసినట్టు మీ కుటుంబం ప్రకటించింది. కనుక ఈ ఉదయం మా ఇంటి నుంచి మీకు అందిన గిన్నె ఖాళీగా అందినట్టే పరిగణించవలసి ఉంటుంది. ఖాళీ గిన్నె స్వీకరించడం నేరం. ప్రకటన అబద్ధమని గ్రూపులో తెలియజేయండి, లేదా గిన్నెను తక్షణం మా ఇంటికి అప్పగించండి. మా అమ్మగారు ఎదురుచూస్తున్నారు."

శైలజ ఒకసారి వదినకేసి చూసింది. రాజకుమారి ఫోన్లో చీపురుపల్లి వాళ్ళకు కేకు గురించి చెబుతోంది. శైలజ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెను శుభ్రంగా కడిగి, తుడిచి, ఈశ్వర్ చేతికిచ్చి కిందికి పంపేసింది.

సాయంత్రం రైలుకు బయల్దేరుతూ రాజకుమారి గుమ్మంలో ఆగింది. "మళ్ళీ ఎప్పుడు సేసి ఎడతావే ఆ కేకు?"

"సేద్దునే వదినా," అంది శైలజ. "గిన్నె లేదు."