ముహూర్తాల మోటారు

ఇకమీదట మోటారు వెయ్యడానికి పొలం వెళ్ళేది లేదని అసిరయ్య ఆ ఉదయం తీర్మానించుకున్నాడు. కోటబొమ్మాళి దాటి, రైలుకట్ట ఎక్కి దిగి, గట్ల మీద నడిస్తే గాని అతని మొక్కజొన్న చేను రాదు. తీరా వెళ్తే కరెంటు ఉండదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి వస్తుంది. మోకాళ్ళ నొప్పులవాడితో కరెంటు ఆడే ఈ దాగుడుమూతలు ఇవాళ్టితో సరి అనుకున్నాడు. అసిరయ్య అనుకున్నాడంటే అంతే. పూర్వం చుట్ట మానేస్తానని పందెం కట్టి, తను మానెయ్యడమే కాక, పందెం కాసినవాడి చేత కూడా మాన్పించిన మనిషి.

నరసన్నపేటలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే అల్లుడు హరిబాబు ఒక డబ్బా తెచ్చి బోరు స్టార్టరుకు తగిలించాడు. అందులో సిమ్ము ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే మోటారు తిరుగుతుంది. మళ్ళీ చేస్తే ఆగుతుంది.

"అయితే ఎవుడు ఫోన్ సేసినా తిరుగుతాదేటి?" అని అడిగింది అసిరయ్య భార్య గున్నమ్మ.

"మన నంబరు ఎవడికి తెలుస్తాది అత్తా? మన ఫోన్లకే పలికేటట్టు తాళం ఎయ్యొచ్చు గానీ, దానికి పాస్‌వర్డు మార్చాలి, అదో పెద్ద గొడవ. తీరిగ్గా సూద్దాం" అన్నాడు హరిబాబు.

అసిరయ్య మంచం మీద కూర్చుని ఫోన్ చేశాడు. "నీరొచ్చింది బావా!" అని పొలం నుంచి పక్క చేను గంగులు కబురందించాడు. అసిరయ్య మీసం దువ్వుకుని, పడుకుని ఇంకోసారి చేసి మోటారు ఆపాడు. ఆ ఆనందం నాలుగు రోజులు సాగింది. ఇంతలో మాఘమాసం వచ్చింది.

ఒక ఉదయం గంగులే ఫోన్ చేశాడు. "బావా, మోటారు కట్టెయ్యి. నా నువ్వుల మడి సెరువైపోనాది!"

"నాను ఎయ్యనేలేదు."

"నువ్వెయ్యకుండా దానికదే లెగిసి తిరుగుతాదేటి?"

అసిరయ్య మోటారు ఆపి, భార్య వైపు తిరిగాడు. "ఒసే, నా ఫోను ముట్టుకున్నావేటి?"

"నీ మాటలు ఇంట్లో ఇంటన్నాను, సాలదేటి? ఫోన్లో కూడానా?" అంది గున్నమ్మ.

అసిరయ్య ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి, డబ్బాను గదిలో పెట్టి, గదికి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే మోటారు మళ్ళీ తిరిగింది. గంగులుది పల్లపు చేను. అసిరయ్య మొక్కజొన్నకు చాలగా మిగిలిన నీరంతా పొర్లి అందులోకే దిగుతుంది. లేత నువ్వుమొక్కలు పసుపురంగు తిరిగి, తలలు వాల్చి, చివరికి కుళ్ళిపోయాయి.

"నా మీద కోపముంటే నన్ను తిట్టు బావా. నువ్వులేటి సేసినాయి?" అన్నాడు గంగులు. ఇద్దరి మధ్యా అంతకుముందు గట్టు తగాదా కూడా లేదు. ఇప్పుడు మాటలే పోయాయి. గంగులు భార్య తవిటమ్మ మాత్రం, తడి నేల ఊరికే ఎందుకుండాలని, పాడైన మడిని చదును చేసి తోటకూర విత్తనాలు జల్లింది.

అసిరయ్య పట్టు వదల్లేదు. ఆ డబ్బా ఊడబీకెయ్యమని గున్నమ్మ ఎంత పోరినా, "ఊడబీకితే తప్పు ఒప్పుకున్నట్టే" అన్నాడు. రోజూ రైలుకట్ట ఎక్కి దిగి వెళ్ళి బోరు పక్కనే గొడుగేసుకుని కూర్చునేవాడు. పొలం వెళ్ళకుండా ఉండడానికి పెట్టిన డబ్బాకు ఆ విధంగా కాపలా మొదలైంది. అతని కళ్ళ ఎదుటే మోటారు తిరిగేది, ఆగేది, మళ్ళీ తిరిగేది.

అసలు సంగతి మొదట గున్నమ్మకే తట్టింది. "సూసినావా? మంచిరోజుల్లోనే తిరగతన్నాది. అమావాస్యనాడు కదల్లేదు."

"మోటారుకి పంచాంగం ఎవుడు సెప్పినాడే?"

ఈలోగా గంగులు తగువు పెట్టించాడు. ఊరి పెద్దమనిషి లక్ష్ముడు నలుగురిని వెంటబెట్టుకుని పొలానికి వచ్చి, ముందుజాగ్రత్తగా అసిరయ్య ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడు సూద్దాం. ఫోను నా కాడున్నాది. ఎలాగ తిరుగుతాదో..."

ఆ మాట పూర్తికాకముందే మోటారు గుర్రుమంది. నీళ్ళు లక్ష్ముడి కొత్త చెప్పుల మీదకి వచ్చాయి. ఆయన ఉలిక్కిపడి, ఫోను కాలుతున్నట్టు గంగులు చేతిలో పెట్టేశాడు. మోటారు ఆగింది. మళ్ళీ తిరిగింది.

"ఇప్పుడు ఫోను గంగులు సేతిలో ఉన్నాది! రాసుకోండి!" అని అరిచాడు అసిరయ్య.

తగువు మరింత ముదరకముందే హరిబాబు నరసన్నపేట నుంచి వచ్చి, డబ్బాలోని సిమ్ము తీసి తన ఫోనులో వేశాడు. వేసిన వెంటనే అది మోగింది. అసిరయ్య లాక్కుని, "ఎవుడ్రా నువ్వు?" అన్నాడు.

"బేండు మాస్టారేనాండీ? మాది సీపురుపల్లండి. పొద్దుట్నించీ సేస్తన్నాను, ఎత్తరేటండీ? మావోడి పెళ్ళికి మీ మేళమే కావాలి."

"ఇది మేళం కాదు, మోటారు!"

"అదేటండీ? నెల్లిమర్ల ధనరాజు బేండు కాదా?"

పెట్టెయ్యగానే ఇంకోటి మోగింది. అది గజపతినగరం పెళ్ళి. ఆ తరవాత ఓ గృహప్రవేశం. హరిబాబు మొహం దించుకున్నాడు. "ఎవరో వాడి వదిలేసిన నంబరు కంపెనీవోలు మళ్ళీ అమ్మినట్టున్నారు మావయ్యా. పాతాయన్ని పిలిసినోల్లందరూ మన మోటారు ఏస్తన్నారు. తాళం ఎయ్యకపోవడం నా తప్పే."

"నీ సంగతి తరవాత. ముందు ఆ ధనరాజు సంగతి తేల్చాలి" అని అసిరయ్య ఆ ఫోనుతో సహా బస్సెక్కాడు. శ్రీకాకుళం వచ్చేలోపు నలుగురిని తిట్టాడు. విజయనగరం వచ్చేసరికి తిట్టే ఓపిక పోయి, "వస్తాం, వస్తాం, ఏర్పాట్లు సేసుకోండి" అనడం మొదలుపెట్టాడు.

నెల్లిమర్లలో ధనరాజు ఇల్లు వెతకక్కర్లేకపోయింది. వీధరుగు మీద బోర్లించిన పెద్ద డోలు మీద అదే నంబరు ఎర్రరంగుతో రాసి ఉంది. పక్కన బక్కపలచటి మనిషి సన్నాయిని గుడ్డతో తుడుస్తున్నాడు.

"నా పక్కోడి నువ్వులు కుళ్ళబెట్టింది నువ్వేనా?" అన్నాడు అసిరయ్య.

ధనరాజుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. జబ్బుపడి మంచమెక్కినప్పుడు ఫోనుకు డబ్బులు కట్టలేదనీ, నంబరు పోయి వేరేది తీసుకున్నాననీ చెప్పాడు. "పెళ్ళిళ్ళ రోజులొచ్చినా ఒక్కడూ పిలవలేదు బాబూ. జనాలకి డీజే మోజు పట్టింది, మన పని అయిపోనాది అనుకున్నాను. నా మేళగాళ్ళు జూట్‌మిల్లు పనికి పోతామంటన్నారు. ఈ డోళ్ళూ సన్నాయీ అమ్మేద్దామని ఇదిగో, తుడస్తన్నాను."

అప్పుడే ఫోను మోగింది. అసిరయ్య దాన్ని ధనరాజు చేతికిచ్చాడు. "మాస్టారూ, మీరేనా? బతికే ఉన్నారా!" అని అవతలివాళ్ళు ఆనందంగా అరిచారు. ధనరాజు కళ్ళు తుడుచుకున్నాడు. దారిలో తను ఒకే ముహూర్తానికి మూడు ఊళ్ళకు మాటిచ్చేశానని అసిరయ్య చెప్పినప్పుడు మరోసారి తుడుచుకున్నాడు. తిట్టడానికి వెళ్ళినవాడు సిమ్ము అక్కడే వదిలి, భోంచేసి వచ్చాడు.

మర్నాడు హరిబాబు డబ్బాలో కొత్త సిమ్ము వేసి, ఈసారి తాళం కూడా వేశాడు. ఆ డబ్బా రెండు ఫోన్లకు మాత్రమే పలుకుతుంది. ఒకటి అసిరయ్యది, ఒకటి గున్నమ్మది. పాస్‌వర్డు మాత్రం గున్నమ్మ పెట్టింది. మొగుడికి కూడా చెప్పలేదు. ఇంకెవరు పిలిచినా మోటారు ఉలకలేదు, పలకలేదు. అసిరయ్య మళ్ళీ మంచమెక్కాడు.

వారం తిరక్కుండానే లక్ష్ముణ్ణి వెంటబెట్టుకుని గంగులు వాకిట్లోకి వచ్చాడు.

"మళ్ళీ ఏటి? సుక్క నీరు కూడా రాలేదు కదా!" అన్నాడు అసిరయ్య.

"అదే కదా నా ఏడుపు! నీ నీరు నమ్ముకుని తవిటమ్మ తోటకూర ఏసింది బావా. మోకాలెత్తు లెగిసింది. నువ్వులకంటే నయంగా సంతలో ఎగరేసుకుపోతన్నారు. ఇప్పుడు టక్కున నీరు కట్టేస్తే నానేటైపోవాలి?"

లక్ష్ముడు తీర్పు చెప్పాడు. పోయిన నువ్వులకు బదులుగా గంగులు కూరమడికి అసిరయ్య నీరివ్వాలి. తడిసిన చెప్పుల విషయం ఆయన పెద్దమనసుతో వదిలేశాడు.

"అయితే గంగులు ఫోనుకి కూడా పలికేటట్టు సెయ్యండి. రోజంతా పొలంలో ఉండేది ఆడే కదా" అంది గున్నమ్మ.

"రెండే పడతాయి అత్తా. ఒకటి తీసెయ్యాలి" అన్నాడు, ఆ వేళకి అత్తారింట్లోనే ఉన్న హరిబాబు.

గున్నమ్మ ఎవరికీ కనపడకుండా కొంగు అడ్డుపెట్టుకుని పాస్‌వర్డు నొక్కింది.

మర్నాటి నుంచి అసిరయ్య మోటారు వెయ్యాలంటే, మంచం మీద కూర్చుని గంగులుకు ఫోన్ చేస్తున్నాడు.